వినపడుతోంది గానీ మాట తెలియడం లేదు: చెవికీ మెదడుకీ మధ్య ఏం జరుగుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాన్నగారికి 64 ఏళ్లు. ఏడాదిగా కుడి చెవిలో మాట వినపడుతుంది కానీ ఏమన్నారో తెలియడం లేదు. ఫోను ఎడమ చెవికి మార్చుకుంటే ఇబ్బంది లేదు. పరీక్ష చేసినవాళ్లు "చెవిలో పెద్ద లోపం లేదు, నరం వైపు చూడాలి" అని బేరా (చెవి నుంచి మెదడుకు కబురు ఎంత వేగంగా వెళ్తోందో చూసే పరీక్ష), ఎంఆర్ఐ రాశారు. చెవి సమస్యకు తలకు స్కాన్ ఎందుకని మీ టెన్షన్. శబ్దం చెవి నుంచి మెదడుకు తీగలో కరెంటు వెళ్లినట్టే వెళ్తుందా అని కూడా అడిగారు.

ఈ రెండో ప్రశ్న తేలితే మొదటిది దానంతటదే తేలిపోతుంది. నేను ఇరవై ఏడేళ్లుగా ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. "వినపడుతుంది, తెలియదు" అనే మాట వారానికి ఒక్కసారైనా నా గదిలో వినిపిస్తుంది. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

శ్రవణ నాడిలో శబ్దం ప్రయాణించదు. శబ్దమంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. ఆ కదలిక లోపలి చెవిలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి వెళ్లేవి చిన్న విద్యుత్ పల్సులు. మైకు తీగ సంగతి వేరు: గొంతు ఎలా ఊగితే తీగలో కరెంటూ అలాగే ఊగుతుంది. నరం పోగులో అలా ఉండదు. గట్టి శబ్దానికి పెద్ద పల్సు, మెల్లని శబ్దానికి చిన్న పల్సు అంటూ లేవు, అన్నీ ఒకే సైజు. కాబట్టి మెదడుకు తెలిసేవి రెండే సంగతులు: ఏ పోగు కొట్టింది, ఎప్పుడు కొట్టింది. ఈ "ఎప్పుడు" అన్నది గుర్తుపెట్టుకోండి, మీ నాన్నగారి సమస్య బహుశా అక్కడే ఉంది.

బయటి చెవి, మధ్య చెవి గురించి స్కూల్లో చదువుకున్నదే కాబట్టి త్వరగా దాటేస్తాను. కర్ణభేరి ఊగుతుంది, దాని వెనక సుత్తి, దాగలి, రికాబు అనే మూడు బుల్లి ఎముకలు ఆ ఊపును లోపలి చెవిలోని ద్రవానికి అందిస్తాయి. ఎముకలు ఎందుకంటే, గాలిలోని శబ్దం నేరుగా నీటిని తాకితే దాదాపు అంతా వెనక్కి తుళ్లిపోతుంది. ఈత కొలనులో మునిగినప్పుడు గట్టు మీది మాటలు ఎలా వినపడతాయో మీకు తెలుసు. వెడల్పైన కర్ణభేరి మీది ఒత్తిడిని దానికంటే 17, 18 రెట్లు చిన్నదైన కిటికీ (లోపలి చెవి ద్వారం మీది పొర) మీదికి కేంద్రీకరించడం ఈ ఎముకల పని. ఇక్కడ లోపం వస్తే శబ్దం తగ్గుతుంది, అంతే. వాల్యూమ్ పెంచితే మాట మళ్లీ స్పష్టంగా తెలుస్తుంది. మీ నాన్నగారిది ఇది కాదు.

అసలు పని మొదలయ్యేది కాక్లియాలో. నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం, విప్పి చాపితే 35 మిల్లీమీటర్లు ఉంటుందేమో. దాని పొడవునా సాగే పొరను బాసిలార్ పొర అంటారు. మొదట్లో ఇరుకుగా బిగుతుగా, చివరకొచ్చేసరికి వెడల్పుగా వదులుగా ఉంటుంది. కీచు శబ్దాలకు మొదలు ఊగుతుంది, బొంగురు శబ్దాలకు చివర ఊగుతుంది. అంటే ఒక్కో స్థాయికి (శబ్దం ఎంత కీచు, ఎంత బొంగురు అన్నదానికి) పొర మీద ఒక్కో చోటు. శవాల చెవుల్లో ఈ అలను కళ్లతో చూసి కొలిచిన గియోర్గ్ ఫాన్ బేకెషీకి 1961లో నోబెల్ ఇచ్చారు.

పొర మీద రోమకణాలు వరుసలు కట్టి ఉంటాయి. ఒక్కో చెవిలో లోపలి వరుసవి సుమారు 3,500, బయటి వరుసలవి సుమారు 12,000. కంటి రెటీనాలో కాంతిని పట్టే కణాలు పది కోట్లకు పైమాటే. చెవికి అసలు వినికిడి కణాలు మూడున్నర వేలు! ఈ లెక్క మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. పైగా మనుషుల్లో ఇవి పోతే మళ్లీ పుట్టవు.

బయటి రోమకణాలు వినవు, వినడానికి సాయపడతాయి. శబ్దం తగలగానే సాగుతూ కుంచించుకుంటూ పొర ఊపును అక్కడికక్కడ పెంచుతాయి. ఈ పని చేసే ప్రొటీను పేరు ప్రెస్టిన్, 2000లో బయటపడింది. ఈ కణాల ఆటవల్ల చెవి నుంచే సన్నని శబ్దం తిరిగి బయటికి వస్తుంది. 1978లో డేవిడ్ కెంప్ దాన్ని మైకుతో పట్టి చూపించాడు. పుట్టిన బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష అదే. మీ నాన్నగారికీ అది చేసే ఉంటారు, "చెవిలో పెద్ద లోపం లేదు" అనడానికి దాని ఫలితం కూడా ఒక ఆధారమై ఉండొచ్చు.

ఇక లోపలి రోమకణాలు. ఒక్కోదాని నెత్తిన మెట్లలా పేర్చిన సన్నని రోమాలుంటాయి. పొట్టిదాని కొసను పక్కనున్న పొడుగుదానికి కట్టిన దారం లాంటిది ఒకటి ఉంటుంది. రోమాలు ఒకవైపు వంగితే దారం బిగిసి అక్కడి చిన్న ద్వారం తెరుచుకుంటుంది, ఎదురువైపు వంగితే మూసుకుంటుంది. బయట ఉన్న ద్రవంలో పొటాషియం నిండుగా ఉంటుంది, పైగా దానికి 80 మిల్లీవోల్టుల ధన విద్యుత్తు ఉంటుంది. ద్వారం తెరుచుకోవడం ఆలస్యం, పొటాషియం లోపలికి దూసుకొస్తుంది. మధ్యలో రసాయన చర్యల గొలుసేమీ లేదు, దారం లాగితే తలుపు తెరుచుకున్నట్టే. అందుకే కన్ను మిల్లీసెకన్లలో చేసే పనిని చెవి మైక్రోసెకన్లలో చేస్తుంది.

కణం అడుగున కాల్షియం లోపలికి వచ్చి, గ్లుటమేట్ అనే రసాయనం పొట్లాలను నరం పోగు మీదికి విప్పుతుంది. ఆ పొట్లాలను సిద్ధంగా వరుసలో పట్టుకుని ఉంచడానికి ఇక్కడ రిబ్బన్ అనే ప్రత్యేక ఏర్పాటు ఉంది. గంటల తరబడి, అలుపు లేకుండా, సమయం తప్పకుండా విప్పాలి కదా.

ఇక్కడి నుంచి నాడి. ఒక్కో చెవి నుంచి సుమారు 30,000 పోగులు. నూటికి 90కి పైగా లోపలి రోమకణాలవే, బయటివాటికి మిగిలేది కొసరే. పోగులు పొర మీద ఉన్న వరుసలోనే కట్టగా చుట్టుకుని పోతాయి కాబట్టి "ఏ పోగు" అన్నదాన్నిబట్టి స్థాయి తెలుస్తుంది. మెదడు కొస దాకా ఈ వరుస చెదరదు.

"ఎప్పుడు" దగ్గరే చాలాకాలం తగువు నడిచింది. స్థాయి తెలిసేది పొర మీది చోటును బట్టి అని హెల్మ్‌హోల్ట్జ్ 1863లో అన్నాడు. కాదు, నరం టెలిఫోను తీగలా శబ్దం ఊపును ఉన్నదున్నట్టు మోస్తుందని 1886లో రూథర్‌ఫర్డ్ అన్నాడు (పరమాణువు రూథర్‌ఫర్డ్ కాదు, శరీరధర్మ శాస్త్రంలో ఇంకొకాయన). 1930లో వీవర్, బ్రే అనే ఇద్దరు పిల్లి శ్రవణ నాడి మీద తీగ పెట్టి, దాన్ని వేరే గదిలోని టెలిఫోను రిసీవరుకు కలిపారు. ఒకరు పిల్లి చెవిలో మాట్లాడితే రెండో ఆయనకు ఆ గదిలో మాటలు స్పష్టంగా వినపడ్డాయి! రూథర్‌ఫర్డే నెగ్గాడనిపించింది. తీరా చూస్తే వాళ్లు విన్నదాంట్లో ఎక్కువ భాగం నాడిది కాదు, రోమకణాల వోల్టేజి పక్కకు పాకి తీగకు తగిలింది.

అయినా దాన్ని వివరించబోయి వాళ్లు ఊహించింది మాత్రం నిజమైంది. ఒక్క పోగు సెకనుకు కొన్ని వందల సార్లకు మించి కొట్టలేదు, ఒకసారి కొట్టాక కాస్త ఊపిరి తీసుకోవాలి. మరి సెకనుకు 2,000 సార్లు ఊగే శబ్దం సంగతేమిటి? పదిమంది నిలబడి వంతులవారీగా చప్పట్లు కొట్టారనుకోండి. ఎవరి చప్పట్లు వాళ్లకు అరుదే, కానీ అందరివీ కలిపి వింటే తాళం తప్పదు. నియమం ఒకటే: ఎవరు కొట్టినా అల శిఖరం దగ్గరే కొట్టాలి. సుమారు 4,000 హెర్ట్జ్ దాకా నాడి ఈ తాళం పట్టుకుంటుంది, ఆపైన చోటు మీదే ఆధారపడుతుంది. అంటే ఆ పాత తగువులో ఇద్దరూ సగం సగం నెగ్గారు.

మాటకు ఈ తాళం ఎంత ముఖ్యమో మన భాషలోనే చూడండి. "పాట", "బాట" రెంటికీ పెదాలు ఒకేలా మూసి తెరుస్తాం. పెదాలు విడిపోకముందే కంఠం మోగిందా, లేదా అన్నదే ప్రధానమైన తేడా. అది మిల్లీసెకన్ల వ్యవహారం. "గడి"కీ "గడ్డి"కీ తేడా మధ్యలో నాలుక ఆగిన వ్యవధి. సద్దు ఎంత గట్టిగా ఉందన్నదానితో వీటికి పని లేదు. పోగులు తాళం తప్పి, ఒకటి ముందు ఒకటి వెనక కొడితే మొత్తం పల్సుల లెక్క దాదాపు అంతే ఉండొచ్చు, కాబట్టి "శబ్దం ఉంది" అని తెలుస్తుంది. పాటో బాటో మాత్రం తెలియదు.

నాడి మెదడు కాండంలోకి (మెదడు అడుగు భాగం) దూరగానే మొదటి మజిలీ కాక్లియర్ న్యూక్లియస్. ఇక్కడ ప్రతి పోగూ చీలి రకరకాల కణాలకు అందుతుంది. ఒక రకం శబ్దం మొదలైన క్షణాన్ని మాత్రమే గుర్తిస్తుంది, ఇంకో రకం తాళాన్ని ఇంకా శుభ్రం చేసి పైకి పంపుతుంది. ఆ పైన దారిలో హెల్డ్ కేలిక్స్ అనే సినాప్స్ (ఒక కణం ఇంకోదానికి కబురు అందించే చోటు) ఒకటుంది. 1893లో హాన్స్ హెల్డ్ వర్ణించాడు. మామూలు సినాప్స్ చుక్కంత ఉంటే, ఇది కణాన్ని గుప్పిట్లో పట్టుకున్నట్టు చుట్టేస్తుంది. క్షీరదాల మెదడులో ఇంత పెద్ద సినాప్స్ ఇంకోటి లేదంటారు. అంత పెద్దది ఎందుకంటే, వచ్చిన పల్సు ఆలస్యం లేకుండా, తప్పకుండా దాటాలి.

ఆ తొందరకు కారణం తర్వాతి మజిలీలో ఉంది. ఆలివ్ కేంద్రంలో మొదటిసారి రెండు చెవుల కబుర్లూ కలుస్తాయి. శబ్దం కుడి పక్క నుంచి వస్తే కుడి చెవిని ముందు చేరుతుంది. తల వెడల్పు ఎంతని? మహా అయితే సెకనులో పదివేల వంతులు ఆరేడు తేడా. మనిషి పట్టగల కనిష్ఠ తేడా 10 మైక్రోసెకన్లు, సెకనులో లక్షో వంతు. ఒక్క పల్సే దాదాపు ఒక మిల్లీసెకను ఉంటుంది, అంటే తన పల్సులో వందో వంతు తేడాను ఈ కణాలు గుర్తిస్తున్నాయన్నమాట. ఎన్నేళ్లు చదివినా నాకు ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే. 1948లో జెఫ్రెస్ దీనికో నమూనా ప్రతిపాదించాడు: వేర్వేరు పొడవుల తీగల్లో రెండు పల్సులూ వచ్చి ఎక్కడ ఒకేసారి కలుస్తాయో అదే దిక్కు. గుడ్లగూబల మెదడులో దాదాపు అలాగే దొరికింది. మనలాంటి క్షీరదాల్లో ఇంకో పద్ధతి ఉందని వాదన నడుస్తూనే ఉంది. కీచు శబ్దాలకైతే తల అడ్డంవల్ల వచ్చే హెచ్చుతగ్గులను పక్కనే ఉన్న ఇంకో గుంపు కణాలు పోలుస్తాయి. నలుగురు మాట్లాడే చోట ఒకరి గొంతును విడదీసి వినగలగడానికి ఈ లెక్కలు చాలా సాయం చేస్తాయి. ఒక చెవి పాడైనవాళ్లు ముందుగా ఇబ్బంది పడేది గుంపులోనే.

ఇక్కడి నుంచి ఎక్కువ పోగులు ఎదుటి పక్కకు దాటి, కొన్ని అదే పక్కన పైకి వెళ్తాయి. ఇన్ఫీరియర్ కాలిక్యులస్, ఆ పైన థాలమస్‌లోని మీడియల్ జెనిక్యులేట్, చివరికి కణత లోపల మడతలో ఉన్న శ్రవణ కార్టెక్స్. ఒక్కో మజిలీలో ఏమవుతుందో రాస్తే ఇక్కడితో ఆగదు. మీకు పనికొచ్చేది ఒకటే: ఆలివ్ దాటాక ప్రతి పక్కనా రెండు చెవుల సమాచారమూ ఉంటుంది. అందుకే మెదడులో ఒక పక్క దెబ్బ తగిలినా ఒక చెవి చెవుడు రాదు. తిరగేసి చెప్పాలంటే, మీ నాన్నగారిలా ఒక్క చెవికే ఇబ్బంది ఉంటే తప్పు దాదాపుగా ఆ కలయికకు ముందే ఉండాలి: చెవిలోనో, నాడిలోనో, నాడి మెదడు కాండంలోకి దూరే చోటో. పక్షవాతమేమో అని మీరు భయపడుతున్నట్టున్నారు. ఆ లక్షణాలు దీనికి సరిపోవు.

పై నుంచి కిందికి కూడా పోగులున్నాయి. 1946లో రాస్‌ముసెన్ వర్ణించిన ఆ కట్ట ఆలివ్ నుంచి తిరిగి కాక్లియాకు వచ్చి బయటి రోమకణాల జోరు తగ్గిస్తుంది. చెవి చెప్పింది మెదడు ఊరికే వినదు, వాల్యూమ్ మీద దానికీ ఒక చెయ్యి ఉంటుంది.

బేరా ఎందుకు రాశారో ఇప్పుడు సులువుగా చెప్పొచ్చు. తల మీద మూడు నాలుగు ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో టకటకమని క్లిక్‌లు వినిపిస్తారు. నొప్పి ఉండదు, చాలామంది నిద్రపోతారు. ఒక్క క్లిక్‌కు వచ్చే సంకేతం మైక్రోవోల్టులో కొంత భాగమే, కాబట్టి వెయ్యి రెండువేల క్లిక్‌ల సగటు తీస్తారు. అప్పుడు పది మిల్లీసెకన్లలోపు వరుసగా అలలు తేలతాయి. 1971లో జెవెట్, విలిస్టన్ వాటికి రోమన్ అంకెలు ఇచ్చారు, ఇప్పటికీ అవే. గట్టి క్లిక్‌కు ఒకటో అల సుమారు ఒకటిన్నర మిల్లీసెకన్ల దగ్గర, అది చెవికి దగ్గరున్న నాడిది. మూడోది మూడున్నర దాటాక, కాక్లియర్ న్యూక్లియస్ ప్రాంతానిది. అయిదోది అయిదున్నర దాటాక, ఇంకా పై దారిది. నేను ముందు చూసేది అలల ఎత్తు కాదు, వాటి మధ్య సమయం. ఒకటి నుంచి అయిదుకు నాలుగు మిల్లీసెకన్లు పట్టాలి. ఒక చెవికి నాలుగు, రెండో చెవికి నాలుగున్నర వచ్చిందంటే దారిలో ఎక్కడో నలుగుతోందని అర్థం.

ఎంఆర్ఐ ఆ నలుగుడు కోసమే. శ్రవణ నాడి పుర్రె ఎముకలో సుమారు సెంటీమీటరు పొడవున్న సొరంగం గుండా మెదడుకు పోతుంది. అదే సొరంగంలో బ్యాలెన్స్ నాడి, ముఖం కండరాల నాడి కూడా ఉంటాయి. బ్యాలెన్స్ నాడి తొడుగు నుంచి కొందరిలో చిన్న గడ్డ పెరుగుతుంది, వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు, పాత పేరు అకూస్టిక్ న్యూరోమా. ఇది క్యాన్సర్ కాదు. సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, చిన్నదైతే చాలామందికి ఏడాదికోసారి స్కాన్‌తో గమనిస్తూ ఉండటమే వైద్యం. పక్కనున్న నాడిని అది నొక్కితే పోగుల తాళం చెదురుతుంది. ఒకే చెవి, మాట తెలియకపోవడం, వినికిడి గ్రాఫులో దానికి తగ్గ లోపం కనిపించకపోవడం: ఈ మూడూ కలిస్తే గడ్డ లేదని తేల్చుకునేదాకా ఏ బాధ్యతగల డాక్టరూ ఊరుకోరు. చివరికి ఎక్కువమందికి గడ్డ ఏమీ ఉండదు. ఉంటే మాత్రం తొందరగా తెలియడమే మంచిది. బేరా నార్మల్ వచ్చింది కదా అని స్కాన్ మానేయకండి. చిన్న గడ్డలను బేరా వదిలేస్తుంది, కాంట్రాస్ట్ ఎక్కించి తీసే ఎంఆర్ఐ కొన్ని మిల్లీమీటర్లవి కూడా పట్టేస్తుంది. కిడ్నీ సమస్య, పేస్‌మేకర్ లాంటివి ఉంటే స్కాన్ వాళ్లకు ముందే చెప్పండి.

గడ్డ లేకుండానూ నాడి తాళం తప్పొచ్చు. పుట్టిన పిల్లల్లో కొందరికి ఓఏఈ బాగుంటుంది, బేరాలో అలలే రావు. రోమకణాలు ఆడుతున్నాయి, కబురు పైకి పోవడం లేదు. తీవ్రమైన కామెర్లు వచ్చిన, పుట్టగానే ఊపిరాడని పిల్లల్లో దీన్ని ఎక్కువ చూస్తాం. ఇంకొందరిలో ఓటోఫెర్లిన్ అనే జన్యువు లోపం, గ్లుటమేట్ పొట్లాలు విప్పుకోవు. ఆ జన్యువునే చెవిలోకి ఎక్కించి కొందరు పిల్లలకు వినికిడి తెప్పించిన ఫలితాలు 2024లో వచ్చాయి. పెద్దవాళ్లలో మరో సంగతి: 2009లో కుజావా, లిబర్‌మన్ ఎలుకలకు పెద్ద శబ్దం వినిపించి చూశారు. కొన్నాళ్లకు వినికిడి గ్రాఫు మామూలైపోయింది, రోమకణాలూ దక్కాయి. కానీ కీచు శబ్దాలు పట్టే చోట దాదాపు సగం సినాప్స్‌లు మాయం. మనుషుల్లో దీన్ని కచ్చితంగా కొలిచే పరీక్ష కోసం ఇంకా తంటాలు పడుతున్నారు. గ్రాఫు బాగున్నంత మాత్రాన నాడి బాగున్నట్టు కాదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

వినికిడి మిషన్ పెడితే సరిపోతుందా అని చివర్లో అడిగారు. నా మొదటి ఏడాది తప్పు ఒకటి చెప్తాను. అచ్చం మీ నాన్నగారి లాంటి ఫిర్యాదుతో ఒక పెద్దాయన వచ్చారు. మాట తెలియడం లేదంటే నేను మిషన్ వాల్యూమ్ పెంచాను, ఇంకా తెలియదంటే ఇంకా పెంచాను. "బాబూ, నువ్వు పెంచేకొద్దీ ముద్దైపోతోంది" అన్నారాయన. ఆయనకు మిషన్ అలవాటు కాలేదులే అనుకున్నాను. నాడి లోపానికి అదే గుర్తని మా సీనియరు చెప్పేదాకా నాకు తట్టలేదు. శబ్దం పెంచేకొద్దీ మాటల స్కోరు తగ్గితే మేం రోల్‌ఓవర్ అంటాం. మీ రిపోర్టులో కుడి చెవి మాటల స్కోరు ఒక్క వాల్యూమ్‌లోనే తీశారా, రెండు మూడు వాల్యూమ్‌లలో తీశారా చూడండి. ఒక్కటే ఉంటే గట్టి వాల్యూమ్‌లో కూడా తీయమని అడగండి, పది నిమిషాల పని. స్కాన్ ఫలితం రాకుండా కుడి చెవికి మిషన్ కొనకండి.

ఈ లోపు ఇంట్లో ఆయనతో అరిచి మాట్లాడొద్దు. టీవీ ఆపి, ఎడమ పక్కన కూర్చుని, పెదాలు కనిపించేలా, మాటకీ మాటకీ మధ్య కాస్త ఎడం ఇస్తూ మామూలు గొంతుతోనే మాట్లాడండి.